పాత టీషర్టులతో బొంత: మిషను పాతది, నేను కొత్త

రూమ్214
హైదరాబాద్ · శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ కుట్టుపని విభాగంలో మొదటిసారి రాస్తున్నా. నా దగ్గర 23 టీషర్టులున్నాయి. వరంగల్ ఎన్‌ఐటీలో చదివిన నాలుగేళ్ళూ వచ్చిన టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ ఫెస్టుల టీషర్టులు, బ్రాంచి వాళ్ళం డబ్బులేసుకుని వేయించుకున్నవి, ఇక్కడ ఆగస్టులో జరిగే మారథాన్‌లో ఇచ్చినవి, ఒక సన్‌రైజర్స్ నారింజ రంగుది. ఏవీ ఇప్పుడు పట్టవు, పొట్ట సంగతి అడక్కండి. పారేయడానికి మనసు రావట్లేదు. మొన్న అమ్మ అల్మరా సర్దుతూ "ఇవి నువ్వు తీస్తావా, నన్ను మసిగుడ్డలు చేసుకోమంటావా" అంది. నేను జవాబు చెప్పేలోపే ఒకటి పొయ్యి పక్కన కనిపించింది. ఏదో తెలుసా, ఫైనలియర్ చివరి రోజు వెనకాల అందరూ సంతకాలు పెట్టినది. దాని మీద అరచేయంత పసుపు మరక.

అందుకే వీటన్నిటినీ కలిపి సింగిల్ మంచానికి సరిపోయే బొంతలాంటిది కుట్టేయాలని డిసైడయ్యా. ఇంట్లో అమ్మ ఉషా తొక్కుడు మిషను ఉంది, నా వయసు కంటే పెద్దది. నాకు వచ్చిందల్లా చొక్కా గుండీ కుట్టుకోవడం. ఈరోజు ధైర్యం చేసి రెండు టీషర్టులు చతురస్రంగా కోసి, పక్కపక్కన పెట్టి కుట్టాను. కోసినప్పుడు రెండూ సమానంగానే ఉన్నాయి, కుట్టడం అయ్యేసరికి ఒకటి అంగుళంన్నర పొడుగైపోయింది, అతుకు మొత్తం వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

ఊరికే_చదువరి
శనివారం రాత్రి 10:31

600 పెడితే మంచి దుప్పటి వస్తుంది కదా బ్రో. ఇంత టెన్షన్ ఎందుకు.

సూదిలోదారం
తెనాలి · శనివారం రాత్రి 11:05

బాబూ, ముందు ఆ కత్తెర కింద పెట్టు. ఇంకోటి కోయకు.

నేను 18 ఏళ్ళుగా జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నా, నాకే టీషర్టు గుడ్డ అంటే మొదట్లో భయం ఉండేది. మామూలు గుడ్డ మగ్గం మీద నేసింది, పడుగూ పేకా ఉంటాయి, లాగినా పెద్దగా కదలదు. టీషర్టు నేసింది కాదు, స్వెటర్‌లాగా ఉచ్చులుచ్చులుగా అల్లింది. నిలువుగా కొంచెం, అడ్డంగా బాగా సాగుతుంది. కోసిన అంచు చుట్టుకుపోతోంది చూడు, పైనా కిందా అంచులు బొమ్మవైపుకి చుట్టుకుంటాయి, పక్క అంచులు లోపలివైపుకి. దానికి తోడు మిషను కింది పళ్ళు గుడ్డని వెనక్కి తోస్తుంటే పైనుంచి ఫుట్, అదే సూది దగ్గరుండే ఇనప పాదం, నొక్కిపెడుతుంది. మధ్యలో ఇరుక్కున్న గుడ్డ సాగక ఇంకేం చేస్తుంది. నువ్వు చేతులతో కూడా లాగే ఉంటావు, కొత్తవాళ్ళందరూ లాగుతారు. తప్పు నీది కాదు, గుడ్డది.

వాటిల్లో ఎన్ని కాటన్, ఎన్ని జారుడు గుడ్డ? బొమ్మలు ఎలాంటివి, గుడ్డలో కలిసిపోయిన రంగా, పైన ప్లాస్టిక్ అంటించినట్టు ఉన్నాయా? అది చెబితే మిగతాది చెప్తా.

రూమ్214
ఆదివారం ఉదయం 8:50

అమ్మయ్య, గుడ్డదే తప్పంటే సగం బరువు దిగింది.

ఇప్పుడే అన్నీ మంచం మీద పరిచి చూశానండీ. మారథాన్‌వి మూడూ జారుడు రకం, చెమట పీల్చేవి. మిగతా 20 కాటన్. వాటిలో ఆరేడింటికి బొమ్మ ప్లాస్టిక్‌లాగే ఉంది, గోరుతో గీకితే ఊడేలా. రెండింటికి ముందు గుండె దగ్గర చిన్న లోగో ఒక్కటే, వెనకాల ఏమీ లేదు. సంతకాలది మార్కర్‌తో రాసింది. ఇంకో ప్రశ్న, ఎరుపువి రెండున్నాయి, రంగు దిగుతుందేమోనని అమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టమంటోంది. పెట్టనా?

సూదిలోదారం
ఆదివారం మధ్యాహ్నం 2:20

ఉప్పు వల్ల ఒరిగేదేమీ లేదు, మీ అమ్మగారు ఏమీ అనుకోకపోతే. ఇప్పటి రంగులు ఫ్యాక్టరీలోనే పట్టించేస్తారు, తర్వాత ఉప్పేసినా చింతపండేసినా కొత్తగా నిలిచేది ఉండదు. ఎరుపువి విడిగా ఉతుకు, తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డతో గట్టిగా అద్ది చూడు. గుడ్డకి రంగు అంటకుండా వచ్చేదాకా మళ్ళీ ఉతుకు. నాలుగైదు ఉతుకులకీ ఆగకపోతే దాన్ని పక్కన పడేయి, మొత్తం బొంతని గులాబీ రంగు చేస్తుంది. కంఫర్ట్ లాంటివి కలపొద్దు, జిగురు సరిగా అంటదు.

జిగురు ఏంటంటావా, అదే అసలు మందు. టైలరింగ్ సామాన్ల షాపుకి వెళ్ళి ఫ్యూజింగ్ అని అడుగు, ఇస్త్రీ వేడికి గుడ్డ వెనకాల అంటుకుని దాన్ని సాగకుండా పట్టి ఉంచే అస్తరు అది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో దొరుకుతుంది. అయితే వాళ్ళు చొక్కా కాలరుకి వేసే గట్టిది తీసిస్తారు, అది వేస్తే నీ బొంత అట్టపెట్టె అవుతుంది. పల్చటిది కావాలను, కాగితంలా తేలిగ్గా ఉండాలి, ఒకవైపు తడిమితే గరుగ్గా జిగురు చుక్కలు తగలాలి. దాన్ని కూడా రెండువైపులా లాగి చూడు, కొన్ని ఒకవైపు సాగుతాయి. సాగని వైపు టీషర్టు అడ్డానికి వచ్చేలా పెట్టుకో, ఎందుకంటే మనం ఆపాల్సింది ఆ అడ్డం సాగుడునే.

టీషర్టు పక్కలు, భుజాలు కోసి ముందు భాగం వెనక భాగం విడదీయి. బొమ్మ మధ్యలో ఉండేలా 17 అంగుళాలు సుమారుగా కోయి, ఇక్కడ కొలత పక్కాగా ఉండక్కర్లేదు. ఫ్యూజింగ్ మాత్రం 16 అంగుళాల ముక్క. గుడ్డకంటే అది చిన్నగా ఉండాలి, బయటికొస్తే ఇస్త్రీ దుప్పటికి అంటుకుంటుంది. టీషర్టు బొమ్మవైపు కిందికి తిప్పి, లాగకుండా చేత్తో సాపు చేసి, ఫ్యూజింగ్ గరుకువైపు దాని మీద వేసి, పైన పల్చటి తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించు. చొక్కా ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ తోయకు, తోస్తే లోపల గుడ్డ ముడతపడి అలాగే అంటుకుపోతుంది. పెట్టు, పదీ పదిహేను అంకెలు లెక్కపెట్టు, ఎత్తు, పక్కన పెట్టు. చల్లారాక మూల లాగి చూడు, ఊడుతుంటే ఇంకోసారి.

ఇదంతా అయ్యాకే అసలు కొలత. 15 అంగుళాల చదరం అట్టముక్క మీద గీసి, మధ్యభాగం కోసేసి కిటికీలా చేసుకో. కిటికీలోంచి చూస్తే బొమ్మ మధ్యకి వచ్చిందో లేదో తెలుస్తుంది. పెన్సిలుతో గీసి కోయి. నువ్వు చేసిన తప్పు ఇక్కడే, ముందు కొలిచి కోసేశావు, అప్పటికి అది ఇంకా సాగే గుడ్డే.

జారుడువి మూడూ ఈసారికి వద్దు. వాటికి వేడి తగ్గిస్తే జిగురు అంటదు, పెంచితే గుడ్డ ముడుచుకుపోతుంది.

బామ్మబొంత
అనంతపురం · ఆదివారం సాయంత్రం 6:45

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి అక్కా. ఈ ఫ్యూజింగ్‌లూ కొలతలూ లేకుండానే మన ఇళ్ళలో బొంతలు కుట్టారు కదా. మా బామ్మ వేసవి మధ్యాహ్నాలు పడసాలలో పాత చీర పరిచేది, నాలుగు మూలలా రోకలి, పొత్రం, చేతికందిన బరువులు పెట్టి బిగించేది. దాని మీద ఇంకో రెండు చీరలు, మధ్యలో చిరిగిన పంచెలు. పక్కింటి ఇద్దరు ముసలమ్మలు తలో వైపూ కూర్చుని పెద్ద సూదితో మొదలుపెట్టేవాళ్ళు. ఒక్కో వరుసకీ మధ్య రెండు వేళ్ళ దూరం. మాటలు ఆగేవి కాదు, సూదీ ఆగేది కాదు. పుట్టిన పిల్లలకి వేసే చిన్న బొంతలు వేరుగా, అరిగి మెత్తబడిన చీరలతోనే కుట్టేది, కొత్త గుడ్డ పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుందని.

అమ్మమ్మవాళ్ళది బళ్ళారి వైపు, అక్కడ దీన్నే కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి) కుట్టే కవండి అయితే ఇంకా చిత్రం, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, ఏ ముక్క చేతికొస్తే అది మడిచి పెట్టేస్తారు. కొలత లేదు, అట్టా లేదు.

తమ్ముడూ, నా మాట విని చేత్తో కుట్టు. టీషర్టుకి ఒక మంచి గుణం ఉంది, కోసిన అంచు పోగులు ఊడదు. అంటే మడిచి కుట్టే పనే లేదు. ముక్క మీద ముక్క అరంగుళం ఎక్కించి పరిచి, కుట్టుకుంటూ పోవడమే.

సూదిలోదారం
ఆదివారం రాత్రి 7:10

అమ్మా, మీ బామ్మగారు కుట్టినవి చీరలు. చీర నేసిన గుడ్డ. ఇతని దగ్గరున్నవి టీషర్టులు.

బామ్మబొంత
ఆదివారం రాత్రి 7:38

పైది టీషర్టు అక్కా, కింద పరిచేది చీరే కదా. ముక్కని ముందు పాత పంచె మీద పెట్టి నాలుగువైపులా కచ్చా కుట్టు వేసేస్తే ఇంకెక్కడికి సాగుతుంది? ఆ పంచే మీ ఫ్యూజింగ్. డబ్బు ఖర్చు లేదు, జిగురూ లేదు, ఉతికినప్పుడు బుడగలూ రావు. నేను రెండేళ్ళ క్రితం మా వాడి టీషర్టులు ఆరింటితో ఉయ్యాలలోకి ఇలాగే కుట్టాను, ఒక్క అంచూ వంకరపోలేదు.

సూదిలోదారం
ఆదివారం రాత్రి 8:02

పంచె ముక్క ఆలోచన బాగుంది, కాదనను. చేత్తో కుట్టేటప్పుడు పనికొస్తుంది. సూది గుడ్డని పైనుంచి నొక్కదు, ప్రతి కుట్టుకీ నువ్వు సర్దుకోవచ్చు. మిషను మీద మాత్రం పై గుడ్డ జరుగుతుంది, కచ్చా కుట్టు ఎంత దగ్గరగా వేసినా. కాబట్టి అతుకులు మిషను మీద వేస్తే ఫ్యూజింగ్, చేత్తో వేస్తే పంచె. ఇక అతని ఇష్టం.

నల్లమిషను_మామయ్య
రాజమండ్రి · ఆదివారం రాత్రి 9:26

గుడ్డ గొడవ మీరు తేల్చుకోండి, మిషను సంగతి నేను చెప్తా. 30 ఏళ్ళుగా ఇవే బాగుచేస్తున్నా.

బాబూ, నీ మిషను తల పైన, సూది ఉండే వైపు, గుండ్రటి మర ఒకటి ఉంటుంది. అది ఫుట్ ఎంత గట్టిగా నొక్కాలో చూసే మర. ఇళ్ళల్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు, ముప్పై ఏళ్ళ క్రితం షాపువాడు బిగించిందే. రెండు మూడు చుట్లు వదులు చేయి. మరీ వదిలేస్తే గుడ్డ ముందుకు పోదు, ఒక పనికిరాని ముక్క మీద చూసుకుంటూ తిప్పు. నీ అప్పడంలో సగం ఈ మర వల్లే.

రెండోది సూది. పాత సూది వెంటనే తీసేయి. మామూలు సూది కొన పదునుగా ఉండి అల్లిక పోగుని పొడుస్తుంది, కుట్టు తప్పుతుంది, తర్వాత అక్కడే చిల్లు పెద్దదవుతుంది. బాల్ పాయింట్ సూదని అడుగు, కొన కాస్త గుండ్రంగా ఉండి పోగుల మధ్యలోంచి జరిగి వెళ్తుంది. 14 నంబరు తీసుకో. ఇంటి మిషనుకి ఒకవైపు చదునుగా ఉండే కాడ కావాలి, ప్యాకెట్ మీద హెచ్ఏ ఇంటూ 1 అని ఉంటుంది. ఫ్యాక్టరీ మిషను సూది గుండ్రటి కాడది, అది ఇస్తే తీసుకోకు. ప్లాస్టిక్ బొమ్మ మీద కుడితే సూదికి జిగటలా పేరుకుంటుంది, మధ్యమధ్యలో ఆపి తుడువు. బొమ్మ మీద వేసిన కుట్టు విప్పితే చిల్లులు అలాగే ఉండిపోతాయి, అది గుర్తుపెట్టుకో.

దారం మీ అమ్మగారి డబ్బాలోది వద్దు. ఏళ్ళతరబడి ఉన్న నూలు దారం చేత్తో లాగితే పుటుక్కున తెగుతుంది. కొత్త పాలిస్టర్ రీలు తెచ్చుకో. ఇంకా, నూనె వేసిన రోజు టీషర్టు కుట్టకు, ముందు చెత్తగుడ్డ మీద పది నిమిషాలు తొక్కు.

ప్లేనో_పిన్ని
టెక్సస్ · సోమవారం ఉదయం 7:15

ఇక్కడ మాకు ఆదివారం రాత్రి, వంట అయిపోయి కూర్చున్నా, ఈ చర్చ చూసి నిద్ర ఎగిరిపోయింది. అమెరికాలో ఇది చాలా మామూలు. పిల్లలు హైస్కూలు దాటుతుంటే సాకర్, బ్యాండు, చర్చి క్యాంపు, ఏదో ఒక టీషర్టుల గుట్ట, వాటితో క్విల్ట్ కుట్టి కాలేజీకి పంపిస్తారు. మా ఇద్దరమ్మాయిలకీ నేనే కుట్టాను. మొదటిది చూస్తే నవ్వుతారు, రెండోది పరవాలేదు.

రూమ్214, నీ మొదటి తప్పు ఇంకా చేయలేదు కానీ చేయబోతున్నావు, 23 టీషర్టులూ వాడేయాలనుకోవడం. కొత్తవాళ్ళకి 12 నుంచి 15 చాలు. తెనాలి అక్కగారు చెప్పిన 15 అంగుళాల ముక్కలే తీసుకో, అతుకు అరంగుళం పెట్టు (క్విల్ట్‌కి పావంగుళం అని చెప్పే వీడియోలుంటాయి, అది నేసిన గుడ్డకి, టీషర్టుకి పావంగుళంలో పట్టు చాలదు). అంటే కుట్టాక ఒక్కో ముక్క 14 అంగుళాలు. అడ్డం మూడు, నిలువు ఐదు వేస్తే 42 బై 70. మీ సింగిల్ మంచం 3 బై 6 అడుగులు కదా, అంటే 36 బై 72. సరిగ్గా కప్పుకోవడానికి సరిపోతుంది. 15 టీషర్టులు. ఫ్యూజింగ్ పన్నా (వెడల్పు) 36 అంగుళాలుంటే వరసకి రెండు ముక్కలు, మూడున్నర మీటర్లు కొను.

చిన్న లోగోవి రెండున్నాయన్నావు, వాటికి 15 అంగుళాల చదరం కోస్తే మధ్యలో చుక్కలా ఉంటుంది లోగో. రెండిటినీ చిన్నగా కోసి ఒకే ముక్కలోకి కలుపు.

కింద గుడ్డకి అమ్మ పాత నూలు చీర అడుగు. ఐదున్నర మీటర్ల చీరంటే 216 అంగుళాలు. పన్నా ఎలాగూ 45, 46 ఉంటుంది, నీ బొంత 42, కాబట్టి మధ్యలో అతుకే అక్కర్లేదు. 74 అంగుళాల ముక్కలు రెండు కోస్తే ఒకటి అడుగున, ఒకటి మధ్యలో. మిగిలిన 68 అంగుళాల ముక్కలోంచి రెండున్నర అంగుళాల పట్టీలు నాలుగు తీసి కలిపితే చుట్టూ అంచుకి సరిపోయి ఇంకా మిగులుతుంది. మధ్యలో ఇక్కడిలా బ్యాటింగ్ (దూది పొర) పెట్టకు, హైదరాబాద్‌లో ఎప్పుడు కప్పుకుంటావు దాన్ని. పాత దుప్పటి ఒకటి చాలు.

అనంతపురం అమ్మాయీ, మీ బామ్మగారి గురించి చదువుతుంటే నాకు జీస్ బెండ్ గుర్తొచ్చింది. అలబామాలో నది వంపులో చిన్న ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలంలో వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో చలికి కప్పుకోవడానికి కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి పెట్టారు, 2006లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులు వేశారు. మోకాళ్ళ దగ్గర వెలిసిన జీన్స్ ముక్కలు అలాగే కనిపిస్తాయి వాటిల్లో. మన ఇళ్ళల్లో అలాంటివి కాళ్ళు తుడుచుకునే పట్టాలయ్యాయి.

ఊరికే_చదువరి
సోమవారం ఉదయం 9:02

అయితే పసుపు మరక టీషర్టుని కూడా పెట్టేయ్ బ్రో, రేపు ఏ మ్యూజియం వాళ్ళైనా అడుగుతారు.

రూమ్214
బుధవారం రాత్రి 11:40

నిన్న జనరల్ బజార్ వెళ్ళొచ్చా. అక్కగారు చెప్పినట్టే మొదట గట్టిది తీశాడు, "కాలర్‌కి కాదన్నా, టీషర్టుకి" అంటే నన్ను ఎగాదిగా చూసి పల్చటిది ఇచ్చాడు. ఆరు ముక్కలు అంటించా, బ్రహ్మాండంగా వచ్చాయి. ఏడోది టెక్నోజియాన్‌ది. అంటించాక బొమ్మ వైపు ఎలా ఉందో చూద్దామని తిప్పి, ఒక మూల చిన్న ముడత కనిపిస్తే ఇస్త్రీపెట్టెతో అలా ఒక్కసారి అద్దాను. ఒక్కసారే. పైన గుడ్డ వేయలేదు. రోబో బొమ్మ తల ఇస్త్రీపెట్టెకి అంటుకుని వచ్చేసింది. ఇప్పుడు టీషర్టు మీద తల లేని రోబో, ఇస్త్రీపెట్టె అడుగున నల్లటి బంక. అమ్మ రేపు పొద్దున చీర ఇస్త్రీ చేసుకోవాలి. అర్జెంటుగా ఎవరైనా చెప్పండి.

బామ్మబొంత
బుధవారం రాత్రి 11:52

పారాసెటమాల్ మాత్ర ఉందా ఇంట్లో? ఇస్త్రీపెట్టె బాగా వేడిచేసి ప్లగ్ తీసేయి, మాత్రని పట్టకారుతో పట్టుకుని బంక మీద రుద్దు, కరిగి జారుతుంది, వెంటనే మందపాటి నూలు గుడ్డతో తుడిచేయి. వేళ్ళతో పట్టుకోవద్దు తమ్ముడూ, మా అన్న కాల్చుకున్నాడు. కిటికీ తెరువు, పొగొస్తుంది.

సూదిలోదారం
గురువారం ఉదయం 6:30

బొమ్మవైపు ఎప్పుడూ ఇస్త్రీ వద్దు. తప్పనిసరైతే బటర్ పేపర్ వేసి. ఇది నేనే ముందు చెప్పాల్సింది, ప్లాస్టిక్ బొమ్మలున్నాయని నువ్వు చెప్పావు కూడా, నాకు గుర్తు రాలేదు. తల పోయిన చోట సన్‌రైజర్స్ టీషర్టు మిగిలిన ముక్కలోంచి గుండ్రంగా ఒక తల కోసి కుట్టేయి.

రూమ్214
గురువారం ఉదయం 8:15

మాత్ర పనిచేసింది! రెండు ఖర్చయ్యాయి. అమ్మకి తెలియలేదు. నారింజ తల ఐడియా సూపర్ అక్కా.

వెన్నెల_గుంటూరు
ఆదివారం మధ్యాహ్నం 12:10

ఈ చర్చ మొత్తం చదివాను. నాదొక సందేహం, కొంచెం వేరే. మా నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. వాకింగ్‌కి వేసుకునే కాలరు టీషర్టులు ఆరున్నాయి, ఉతకకుండా కవర్లో పెట్టాను. అమ్మకి వాటితో ఏదైనా కుట్టిద్దామని. కత్తెర పెట్టడానికి చేయి రావట్లేదు. ఉతకాలంటే ఇంకా రావట్లేదు. ఉతక్కుండా కుట్టొచ్చా?

ప్లేనో_పిన్ని
ఆదివారం రాత్రి 8:40

ఉతక్కుండా కుడితే జిగురు పట్టదమ్మా, పైగా చెమట ఉన్నచోట గుడ్డ పసుపుపచ్చబడి తర్వాత పురుగు కూడా పట్టొచ్చు. ఒక పని చెయ్యి. ఆరింటిలో ఒకటి ఉతకొద్దు, కోయొద్దు, అలాగే కవర్లో ఉంచుకో. మిగతా ఐదూ కుట్టుకి. కానీ వాటికంటే ముందు నీవో తమ్ముడివో పాత టీషర్టులు రెండు మూడు కోసి, అంటించి, కుట్టి చూసుకో, చేయి తిరిగాక నాన్నగారివి ముట్టుకో. ఇవి పాడైతే మళ్ళీ రావు. ఐదింటితో పెద్ద బొంత రాదు, ఒళ్ళో వేసుకునేంత వస్తుంది, అమ్మకి అదే బాగుంటుంది. గుండీల పట్టీ కోసి పారేయకు, గుండీలు పెట్టి అలాగే ముక్క మధ్యలోకి వచ్చేలా కోయి. గుండీల మీద మాత్రం ఫ్యూజింగ్ చేసేటప్పుడు ఇస్త్రీ ఆనించకు, కరుగుతాయి.

వెన్నెల_గుంటూరు
ఆదివారం రాత్రి 9:05

గుండీలు ఉంచొచ్చని తట్టలేదండీ. అలాగే చేస్తా.

రూమ్214
మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:30

పై భాగం అయింది! వరసకి మూడు ముక్కలు ముందు కలిపి, ఐదు వరసలు విడివిడిగా చేసి, తర్వాత వరసలు కలిపా. మామయ్యగారూ, ఆ మర రెండు చుట్లు వదిలాక మిషనే మారిపోయినట్టుంది. మొత్తం మీద ఒక్క మూల మాత్రం పావంగుళం కలవలేదు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. కింద చీర పరిచి, నాలుగువైపులా నేలకి టేపు అంటించి, మధ్యలో పాత దుప్పటి, చీర రెండో ముక్క, పైన టీషర్టులు, బెత్తెడుకొక పిన్నీసు పెట్టుకుంటూ వచ్చా. మధ్యలోంచి బయటికి కుట్టాలని వీడియోలో చూసి, చాప చుట్టినట్టు ఒకవైపు చుట్టి మిషను చేతి కిందికి దూర్చాను. అది ఆ చిన్న సందులో పట్టి చస్తేగా. అమ్మ ఆ చివర మోస్తూ, నేను ఈ చివర తొక్కుతూ, రెండు వరసలు కుట్టాం. తిప్పి చూస్తే అడుగున చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు మూడు చోట్ల మడతపడి కుట్టులోకి వెళ్ళిపోయింది. రెండు వరసలూ విప్పడానికి గంటన్నర.

కాబట్టి బామ్మబొంత అక్కా, మీరే గెలిచారు, సగం. అతుకులు మిషను, మిగతాదంతా చేత్తో. అంచు నుంచి లోపలికి రావాలా, మధ్యలోంచి బయటికి పోవాలా?

బామ్మబొంత
శనివారం రాత్రి 10:04

గెలుపేముంది తమ్ముడూ 😀 మిషను మీదైతే మధ్యలోంచే, వదులు గుడ్డ బయటికి పోవాలి కాబట్టి. చేత్తో అయితే నీ ఇష్టం, ప్రతి వరసకీ అరచేత్తో ఒకసారి సాపు చేసుకుంటే చాలు. టీషర్టు మందంగా ఉంటుంది కాబట్టి రెండు వేళ్ళ దూరం అక్కర్లేదు, బెత్తెడుకొక వరస వేయి. ప్లాస్టిక్ బొమ్మ వచ్చినచోట సూది దిగదు, బొమ్మ చుట్టూ తిరిగి వెళ్ళు. దారం మూర కంటే పొడవు తీయకు, చిక్కుపడుతుంది.

రూమ్214
ఇంకో రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:20

అయిపోయింది. ఫోటో పెట్టాను.

15 టీషర్టులు, అమ్మ పాత వెంకటగిరి చీర ఒకటి, పాత దుప్పటి ఒకటి. ఫ్యూజింగ్, సూదులు, దారం అన్నీ కలిపి 400 లోపే. కిరాణా షాపు తూకంలో పెట్టి చూశాం, కిలోకి కాస్త తక్కువ. చేత్తో కుట్టడానికి 11 సాయంత్రాలు పట్టింది. మొదటి రెండు రోజులు అమ్మ దూరం నుంచి వంకలు పెట్టింది, మూడో రోజు "అవతల వైపు నేను మొదలుపెడతా" అని కూర్చుంది. ఆమె కుట్లు సన్నగా వరసగా చీమలు పోతున్నట్టున్నాయి. నావి చూస్తే ఎవరి సగం ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. అడుగున చీరవైపు తిప్పి కప్పుకుంటే ఇంకా బాగుంది నిజానికి.

సంతకాలది నడిమి వరసలో పెట్టా. మరక కోసేద్దామంటే ఇద్దరి పేర్లు పోతున్నాయి, అందుకే పసుపు అలాగే ఉంది. అది ఎవరి పనో అమ్మకి గుర్తు లేదట.

ఊరికే_చదువరి
ఆదివారం రాత్రి 8:44

బాగుంది బ్రో, నిజంగా. ఉతకడం ఎలా మరి, నానితే బండరాయంత బరువవుతుందేమో?

సూదిలోదారం
ఆదివారం రాత్రి 9:10

చల్లనీళ్ళు, బ్లీచ్ వద్దు, నీడలో ఆరబెట్టాలి. తీగ మీద ఒకవైపుకి వేలాడదీస్తే తడి బరువుకి టీషర్టులు సాగుతాయి, మంచం మీదో పిట్టగోడ మీదో పరిచి ఆరేయాలి.

బాబూ, చాలా బాగా వచ్చింది. మొదటిసారి కుట్టినవాడి పనిలా లేదు. నారింజ తల రోబో నాకు బాగా నచ్చింది. ఒక్కటి అడగనా, నాలుగో వరసలో మధ్యది, స్ప్రింగ్‌స్ప్రీ, తలకిందులుగా ఉన్నట్టుంది?

రూమ్214
ఆదివారం రాత్రి 9:13

చూశానక్కా. 11 సాయంత్రాల్లో ఇద్దరికీ కనపడలేదు, ఫోటో తీశాక కనపడింది. ఆ వైపు కాళ్ళు పెట్టుకుని పడుకుంటున్నా.